గంజి పెట్టిన కామిక్కులు

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లో గ్రూపులు కట్టి పాత వస్తువులు అమ్ముకోవడం మా వైపు అప్పుడప్పుడే మొదలైన రోజుల్లో, ఎవరి కిందా పనిచేయకూడదన్న పట్టుదల ఒకటి నాకుండేది. (ఎవరి కిందా అంటే ముఖ్యంగా నాన్న కింద.) శ్రీకాకుళంలో నాన్నకి సైకిల్ సామాన్ల కొట్టు. డిగ్రీ అవగానే అందులో కూర్చోమన్నాడు. నేను పాత కామిక్కుల వ్యాపారం చేస్తానన్నాను. టైరుకి గాలి కొడుతున్న నాన్న పంపు ఆపి, "సరే, ఒక్కపాలి సేసి సూడు. అమ్మగలిగితే నీ దారి నీది. నేకపోతే మర్నాడే వచ్చి కొట్టు తలుపు తియ్యాల" అన్నాడు. నా బతుకంతా ఆ ఒక్క బేరం మీద పడింది.

విజయనగరంలో అద్దె పుస్తకాల కొట్టు ఒకటి మూసేస్తున్నారని తెలిసి పరిగెత్తాను. కొట్టు తాత నా ఆత్రం కనిపెట్టేసి, "ఏరుకోడాలు నేవు బాబూ, తీస్తే మొత్తం తియ్యాల" అన్నాడు. మొత్తం అంటే గోనె సంచుల నిండా బొమ్మల కథల పుస్తకాలు, బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చిన క్రికెట్ కార్డులు, ఎలకలు రుచి చూసి వదిలేసినవి కొన్ని. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టానే గాని ఒక్కటీ చదవలేదు. వ్యాపారస్తుడు సరుకు చదవకూడదని నా సిద్ధాంతం. (మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటూ కూర్చుంటాడా?) విశాఖపట్నం నుంచి ఒకాయన వెంటనే, "మొత్తం నాకే కావాలి, ఆదివారం వస్తాను" అన్నాడు.

ఇంటికి తీసుకెళ్తే నాన్న వెటకారాలు భరించాలి. అందుకని సంచులు పొందూరులో మా అత్తయ్య, అంటే నాన్నకి అక్క, ఆవిడ ఇంట్లో దింపాను. అత్తయ్య ఖద్దరు నూలు వడుకుతుంది, మావయ్య మగ్గం మీద నేస్తాడు. ఆవిడకి చదవడం రాదు. వచ్చేస్తూ, "జాగ్రత్తగా చూసుకో అత్తయ్యా, నా జీవితం వీటిలోనే ఉంది" అన్నాను. కొంప ముంచింది ఆ మాటే.

ఆదివారం ఆయన్ని రైలు దింపి తీసుకొస్తున్నాను. కాయితం నలగకుండా పట్టుకోవడానికి చేతికి తెల్ల తొడుగులు కూడా తెచ్చుకున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి అత్తయ్య ఇంటి ముందు దండెం మీద నా కామిక్కులు వరసగా ఆరుతున్నాయి.

"ఒచ్చినావేటిరా! సూడు, నీ పుస్తకాలు ఎలాగున్నాయో!" అంది అత్తయ్య పొంగిపోతూ. "మాసిపోయి, మెత్తబడి ఏలాడిపోతన్నాయి. పలచగా గంజి కాసి, కుంచెతోటి ఒక్కో కాయితానికీ పెట్టినాను. పాత బట్టకి గంజెడితే కొత్తదైపోద్ది, కాయితానికి మాత్రం ఏటి?"

పుస్తకాలు నిజంగానే నిటారుగా నిలబడ్డాయి. క్రికెట్ కార్డులు మాత్రం అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఆయన తొడుగులు వేసుకుని ఒక పుస్తకం అందుకుని, "పిన్నులేవండీ?" అన్నాడు.

"తుప్పట్టీసినాయి బాబూ. తీసి పారీసి, మా నూలుతో కుట్టీసినాను."

"అసలు ముట్టుకోకుండా దాచితేనే విలువమ్మా వీటికి."

"ముట్టుకోకపోతే పుస్తకమెందుకు బాబూ?" అంది అత్తయ్య, నిజంగానే తెలుసుకుందామని.

పాపం, మంచి మనిషి. తొడుగులు విప్పి, అత్తయ్య ఇచ్చిన మజ్జిగ తాగి, తర్వాతి రైలుకి వెళ్లిపోయాడు.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. గట్టిగా ఏదో అనబోయాను. అంతలో అత్తయ్య ఒక పుస్తకం తెచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. "ఒరే, ఇది సెప్పు ముందు. ఈ పిల్లోడు గోతిలో పడిపోనాడు. పైన పులి కూకున్నాది. పేజీ తిప్పితే ఇంట్లో అన్నం తింటన్నాడు. మధ్యలో ఏటయినాది? రాత్రి నిద్దరట్టలేదు నాకు."

చూశాను. మధ్య పేజీలు గంజికి అతుక్కుపోయి ఒకే అట్టముక్క అయ్యాయి. విడదీద్దామంటే చిరుగుతున్నాయి. ఆవిడేమో నా మొహంలోకి చూస్తోంది. సంచులకి సంచులు కొన్నవాణ్ణి, మొదటిసారి ఒక కామిక్కు ఒళ్లో పెట్టుకున్నాను. అట్టముక్క వంక చూస్తూ, పులి తోక గోతిలోకి వేలాడిందనీ, పిల్లవాడు అది పట్టుకుని ఎగబాకాడనీ చదివినట్టే చెప్పేశాను. "అమ్మయ్య" అంది అత్తయ్య. మగ్గం ఆపి మావయ్య కూడా వచ్చి, "ఇంకోటి సదువు" అన్నాడు. చీకటి పడేదాకా చదివాను. అంతసేపు నా మాట విన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు.

మర్నాడు కొట్టు తలుపు తీశాను. ఇప్పటికీ నేనే తీస్తున్నాను. ఆ బేరం కుదిరి ఉంటే నాకు వ్యాపారం మిగిలేది, ఈ కథలు మాత్రం దక్కేవి కావు. అందుకు అత్తయ్యకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. వీలు దొరికిన ఆదివారమల్లా, ఈ బట్టతల వయసులో కూడా, పొందూరు వెళ్లి, అరుగు మీద కూర్చుని పులిలా గాండ్రిస్తాను. వయసు అత్తయ్య మీద పడింది గాని ఆవిడ జ్ఞాపకం మీద పడలేదు.

"పోయినపాలి తోకట్టుకుని ఒచ్చినాడు కదరా, ఇప్పుడీ నిచ్చెన ఎక్కడ్నుంచొచ్చినాది?" అంది మొన్న.

"అప్పుడు సరిగ్గా చదవలేదత్తయ్యా" అన్నాను, అట్టముక్కని కళ్లకి దగ్గరగా పెట్టుకుని.