కంప్యూటర్‌కు కుట్టిన చొక్కా

హాస్టల్లో అందరూ ఆ అమ్మాయిని కుట్టుమిషన్ అని పిలిచేవారు. తల్లి టైలరు కావడం ఒక కారణం, కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగకపోవడం ఇంకో కారణం. పిలిస్తే కోపమేమీ లేదు. "ఏంటి, చిరిగిందా?" అని పలికేది.

రెండో ఏడు విడిభాగాలు కొని, తనే బిగించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కంప్యూటర్‌ను కాలేజీకి తెచ్చుకుంది. తల్లి ఊరుకుంటుందా? దుమ్ము పడుతుందని మందపాటి గుడ్డతో పెట్టెకు చొక్కా కుట్టింది. స్విచ్చి దగ్గర కాజా, వైర్లకు చీలిక. పిల్ల దాన్ని ఒక్కనాడూ విప్పలేదు. అమ్మ కుట్టింది మరి!

చిక్కంతా ఆఖరి ఏడాది వచ్చిపడింది. అంతకుముందు కాసేపటి పనులే కాబట్టి నెట్టుకొచ్చింది. ఇప్పుడు ప్రాజెక్టు రిపోర్టు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంకా ఇరవై పేజీలు ఉండగా కంప్యూటర్ మొరాయించింది. అరగంట నడవడం, టప్పున ఆగిపోవడం.

పక్కగదిలో ఉండే పీజీ అక్క వచ్చి, కూర్చోకుండానే తేల్చేసింది.

"వైరస్సే. మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించాలి. రెండ్రోజులు పడుతుంది."

"రెండ్రోజులా? నాకు ఒక్క రోజు కూడా లేదక్కా!"

ఇంకొకరైతే నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చునేవారు. ఈ పిల్ల ఏడుపు దిగమింగుకుని పెట్టె మీద అరచెయ్యి వేసింది. చుర్రుమంది. వెనక తడిమితే, వేడిగాలి బయటికి తోసే ఫ్యానుకు అడ్డంగా రెండు మడతల గుడ్డ! తన తెలివికి తనే నాలుక కరుచుకుని, చొక్కా విప్పేసి, పెట్టె చల్లారాక స్విచ్చి వేసింది. ఆ తర్వాత అది ఆగితే ఒట్టు. మర్నాడు నాలుగుకు పది నిమిషాలు ఉందనగా రిపోర్టు లెక్చరర్ బల్ల మీద పడింది. పెద్దవాళ్లు తేల్చేసిన మాటను కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూసేవాళ్లు ఎందరుంటారు? అందుకే ఆ పిల్లను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

సాయంత్రం తల్లి ఫోన్ చేసింది.

"ఇచ్చేశావా తల్లీ? చొక్కా బాగా పనికొస్తోందా?"

అమ్మ మనసు కష్టపెట్టుకుంటుందేమోనని అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అయినా నసుగుతూనే జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"అది ఊపిరి తీసుకుంటుందని ముందే చెప్పొద్దటే? వెనక వల గుడ్డ వేసేదాన్ని కదా!" అంది తల్లి. "కుట్టు తప్పయితే విప్పి కుడతాం, దానికి అంత నసుగుడెందుకు? ఫ్యాను ఎన్ని అంగుళాలుందో కొలిచి చెప్పు, రాసుకుంటున్నా."

పిల్లకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుంటూ స్కేలు పెట్టి కొలిచింది.

"మూడున్నరమ్మా."

"నాలుగు వేస్తాలే. ఈసారి వదులుగానే కుడతా."