పసుపు పూసిన పురుగు

తెలంగాణ వచ్చిన మూడో ఏడు వానాకాలంలో నన్ను నారాయణపేటలోని శిక్షణ కేంద్రానికి అధికారిగా వేశారు. అది అప్పటికింకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. నా పైన ఒక ఫ్యాను, నా కింద ఒక అటెండరు. రెండూ కదిలేవి కావు.

పని విచిత్రమైనది. చలిదేశాల్లో సరదాకి చేపలు పట్టే దొరలు వానపామును ముట్టరట. గాలానికి దారం, ఉన్ని చుట్టి, నీటిపురుగులా కనిపించే ఎర వాడతారు. అవి చుట్టిస్తే ఎగుమతి చేస్తానని హైదరాబాదు వ్యాపారి ఒకాయన ముందుకొచ్చారు. శాంపిల్ పాసైతే, మగ్గాలు ఆగిన ఇళ్ల ఆడవాళ్లకు ఇంటిపట్టున పని. లేకుంటే పత్తిచేలకు కూలికి పోవడమే.

గాలాన్ని వైసు అనే గోరంత ఇనుప పట్టులో బిగించి, ఆకుపచ్చ, నారింజ ఉన్ని చుట్టి, నడుముకు రబ్బరు పోగులు అడ్డంగా కట్టాలి. అవే కాళ్లు, నీళ్లలో వణకాలి. నేను చుట్టినదాన్ని చూసి గోడమీది బల్లి కూడా జాలిపడింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లలో, బతుకంతా చీర అంచులు నేసిన యాదమ్మ చుట్టినవి మాత్రం పెళ్లికి ముస్తాబైనట్టుండేవి.

"గిన్ని రంగుల పురుగును జూస్తే చేప తింటదా సారూ, బొట్టు వెట్టి పీట మీద కూసోవెడ్తదా?" అని నవ్వేది.

దసరా దాటాక యాదమ్మ సర్ది ఇచ్చిన శాంపిల్ డబ్బాను అణుబాంబును మోసినట్టు పోస్టాఫీసుకు మోశాను. కొన్నాళ్లకు అది తిరిగొచ్చింది. రంగు దిగుతున్నది, తిరస్కరించామని పైన రాసి ఉంది. మావి ఉడకబెట్టినా దిగని రంగులు. గిన్నెడు నీళ్లలో ఒక పురుగును వేశాం. నీళ్లు పసుపుపచ్చగా మారాయి.

యాదమ్మ తల దించుకుంది. "తొలి బోణీ గద సారూ. పసుపు వెట్టకుంట సరుకును గడప ఎట్ల దాటిస్తం? ఒక్కొక్కదానికి జరంత అద్దిన."

ఫోన్ చేసి కారణం చెప్పాను. వ్యాపారి మర్యాదగా విని, రెండో శాంపిల్ చూసే పద్ధతి తమకు లేదన్నారు. కేంద్రం మూతపడింది. అటెండరు తన సర్వీసులో మొదటిసారి చురుగ్గా కదిలాడు, తాళం వేయడానికి.

తాళం పడిన మరునాడు యాదమ్మ, ఆమె భర్త నర్సింహ వచ్చారు. అతని చేతిలో మూరెడు కొర్రమీను. తిరిగొచ్చిన పురుగునే చెరువులో వేసి పట్టాడట.

"మీ షావుకారికి గీ చేపను జూపెడ్తే మల్ల తీస్కుంటడా సారూ?" అని అడిగింది యాదమ్మ.

తీసుకోడన్నాను. ఆ వారంలోనే ఆమె పత్తి ఏరడానికి పోయింది.

ఆ పోస్టింగ్ నేర్పింది ఇంతే. సరుకును పాసు చేసేది తినే చేప కాదు, కొనే మనిషి. డబ్బా మూత బిగించే ముందు ఒకదాన్ని నీళ్లలో ముంచి చూడాలి.