రంగెల్ చూసిన కొంగ

మా బ్లాకులో పని మీద ఊళ్లు తిరిగేవాళ్లు ఇద్దరున్నారు. మూడో అంతస్తులో ఒక లారీ డ్రైవరు, నాలుగో అంతస్తులో మా ఎదురింటి రంగెల్. డ్రైవరు బయలుదేరితే మెట్ల మీద ఎదురైనవాళ్లు జాగ్రత్త అంటారు. రంగెల్ బయలుదేరితే తలుపులు వేసుకుంటారు. అతను వెళ్లేది టర్కీ సరిహద్దు పక్కనున్న స్విలెన్‌గ్రాద్ కాసినోకి, చేసేది పేకాట. పేకాట తన ఉద్యోగమని చెప్పుకునేవాణ్ణి మా హాస్కొవోలో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. లంచమిచ్చి గుమాస్తా అయినవాడికి మాత్రం లేచి కుర్చీ ఇస్తారు.

నేను ఆ కాసినోలోనే పోకర్ గదిలో ముక్కలు పంచుతాను. బస్సు ఖర్చు మిగులుతుందని రంగెల్ కారులో వెళ్లి వస్తుంటాను. అంత బుద్ధిగా ఉద్యోగం చేసే మనిషిని నేను మా ఊళ్లో చూడలేదు. శుక్రవారం పొద్దున మూడు చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటాడు. సొంత దిండు వెనక సీట్లో పడేసుకుంటాడు. బల్ల దగ్గర మందు ముట్టడు. ఆటకి ముందు రెండు ఉడికించిన గుడ్లు, కాస్త పెరుగు. అంతకు మించి తింటే మనిషికి లేనిపోని ధైర్యం వస్తుందని అతని అభిప్రాయం. ఆ తర్వాత గంటలకొద్దీ కూర్చుని వచ్చిన ముక్కలు చూసి పారేస్తాడు. పేకాట అంటే పందేలు కాయడం అనుకుంటారు బయటివాళ్లు. రంగెల్ పనిలో ఎక్కువ భాగం పారేయడమే.

అతని భార్య నెవెనా పెళ్లికి ముందు ఒకే షరతు పెట్టిందట. "అక్కడ ఎవరితో ఎన్ని అబద్ధాలైనా ఆడుకో. అవి మాత్రం నా గడప దాటి లోపలికి రాకూడదు." రంగెల్ ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఓడి వచ్చిన రోజు కూడా బూట్లు విప్పకముందే గుమ్మంలో నిలబడి "పోయింది" అని చెప్పేవాడు. ఆ తర్వాతే లోపలికి వెళ్లేవాడు. మా గోడలు పల్చన. నాకు అన్నీ వినిపిస్తాయి.

ఆ మార్చి వచ్చాక గుమ్మంలో అతను చెప్పే మాట ఆ "పోయింది" ఒక్కటే అయింది. నెవెనా వాళ్ల నాన్న స్టామత్ ఊరి బయట దాణా మిల్లుకి మేనేజరు. అక్కడ స్టోర్‌కీపరు కుర్చీ ఖాళీ అయింది. నెవెనా మొగుడికి ఖరాఖండిగా చెప్పింది. ఈ ట్రిప్పులో గెలిచి వస్తే ఇంకో ఏడాది దాకా ఎవరూ అడగరు. ఓడి వస్తే సోమవారం నుంచి మిల్లు. రంగెల్‌కి మిల్లు అంటే జైలు కాదు. జైల్లో అయితే మామగారు ఉండడు.

అంతా బాగానే ఉండేది, అది మార్చి కాకపోతే.

మార్చి ఒకటో తారీకున మా దగ్గర అందరూ ఎర్రదారం, తెల్లదారం కలిపి పేని మణికట్టుకి కట్టుకుంటారు. మార్తెనిట్సా అంటాం. వలస కొంగ కనిపించేదాకా విప్పకూడదు. కనిపించాక విప్పి పూసిన చెట్టుకి కట్టాలి. పూసిన చెట్టు కనిపించినా చాలని కొందరంటారు. రంగెల్ కూతురు కాలినా దానికి ఒప్పుకోదు. పిల్లకి ఏడేళ్లు. తండ్రి దారం అదే పేనుతుంది, అదే కడుతుంది, ముడి తనది కాకపోతే గుర్తుపడుతుంది.

ఆ దారమే రంగెల్ కొంప ముంచేది. చేతిలో మంచి ముక్కలు పడి, దాచుకోవాల్సింది ఏదైనా ఉంటే చాలు, అతని కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీదికి పాకి ఆ దారాన్ని నలిపేవి. ఏమీ లేకుండా బ్లఫ్ ఆడేటప్పుడు దాచడానికి ఏముంటుంది? చేతులు కదిలేవి కావు. ఏడాదిలో పదకొండు నెలలు రాయిలా ఉండే మనిషి మార్చి నెలంతా గాజుసీసాలా ఉండేవాడు. ఆ సంగతి బల్ల చుట్టూ అందరికీ తెలుసు. రంగెల్‌కీ తెలుసు. తెలిసినా వేళ్లు ఆగేవి కావు.

ఆ శుక్రవారం కాలినా మెట్ల మీదికి వచ్చి, ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగాలని తండ్రి కాళ్ల ముందు చెంబుడు నీళ్లు పోసింది. సగం నా బూట్ల మీద పడ్డాయి.

"ముడి చూపించు నాన్నా."

చూపించాడు.

"కొంగ కనబడితే ఎగురుతోందో నిలబడిందో చూసి చెప్పు."

"రెండిటికీ తేడా ఏంటమ్మా?" అన్నాను నేను.

"అదీ తెలీదా ప్లామెన్ బాబాయ్ నీకు. మొదటి కొంగ ఎగురుతూ కనబడితే ఏడాదంతా తిరుగుతారు. నిలబడి కనబడితే ఏడాదంతా ఒక్కచోటే."

లోపల్నుంచి స్టామత్ గొంతు వినిపించింది. ఆయన దేవుణ్ణి నమ్మడు, కొంగని నమ్ముతాడు. "నిలబడ్డ కొంగని చూసినవాడు ప్రయాణం పెట్టుకుంటే దారిలో చక్రం ఊడుతుంది. మా బాబాయికి ఊడింది."

శుక్రవారం రాత్రి ఎలా నడుస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. టర్కీలో కాసినోలు లేవు కాబట్టి చీకటి పడేసరికి సరిహద్దు దాటి కార్లు వచ్చాయి. వాటిలో ఒకదాంట్లోంచి నజ్మీ బే దిగాడు. ఎడిర్నేలో చీజు టోకు వ్యాపారం ఆయనది. పెద్దమనిషి. టీ తాగుతూ, నిదానంగా, ఎవరినీ నొప్పించకుండా ఆడతాడు. రంగెల్ ఎప్పుడూ ఆయనకి ఎదురుగా కూర్చుంటాడు, ఎందుకంటే అతనికి ఏడాదంతా తిండి పెట్టేది చాలావరకు నజ్మీ బే చీజే.

పదింటప్పుడు రంగెల్‌కి రెండు రాజులు వచ్చాయి. బల్ల మీద అందరికీ కలిపి పరిచే ముక్కల్లో మూడోది నేనే తిప్పాను. అలాంటి పంట నెలకోసారి కూడా పండదు. రంగెల్ మొహం తడిసిన గోడలా ఉంది. వేళ్లు మాత్రం మణికట్టు మీదికి వెళ్లి దారం నలపడం మొదలుపెట్టాయి.

నజ్మీ బే అతని ముక్కల వంక చూడలేదు, మొహం వంకా చూడలేదు. మణికట్టు చూసి తన ముక్కలు నా వైపు తోసేశాడు.

"ఆ దారం మా ఆవిడకన్నా నిజం చెబుతుంది తమ్ముడూ," అన్నాడు.

మిగతావాళ్లూ ప్యాక్ చేశారు. రంగెల్ మూడు రాజులతో గెలుచుకున్నది ఒక పూట భోజనానికి సరిపోతుంది. అర్ధగంట తర్వాత చేతిలో ఏమీ లేకుండా పెద్ద పందెం కాశాడు. చేతులు కదలలేదు. నజ్మీ బే ఆ చేతుల్ని చూసి, టీ గ్లాసు కింద పెట్టి, పందేనికి పందెం పెట్టి తీసుకుపోయాడు.

శనివారం పొద్దెక్కాక లాడ్జిలో రంగెల్ నన్ను లేపాడు.

"లేరా ప్లామెన్. కొంగని వెతుకుదాం."

"నిన్నటి దెబ్బకి మతి పోయిందా అన్నా? కత్తెర తెచ్చుకుని కత్తిరించేయ్."

"కాలినా అడుగుతుంది."

"కొంగ కనబడిందని చెప్పు."

"కనబడలేదుగా."

వేలమందిని మోసం చేసిన మనిషి ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు తిరిగి నిద్ర పట్టలేదు.

మరిట్సా నది ఒడ్డున పొలాల్లోకి వెళ్లాం. వారం నుంచి కురిసిన వాన. బూట్లు బురదలో దిగబడుతున్నాయి. రంగెల్ ఇస్త్రీ చొక్కా, నల్లకోటు వేసుకుని ఆకాశం చూస్తూ నడిచాడు. కాకులు కనిపించాయి. ఒక డేగ కనిపించింది. మధ్యాహ్నం దాటాక పంపుహౌసు దగ్గర అతను టక్కున ఆగి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు.

"స్తంభం మీద ఏదో తెల్లగా ఉంది. నేను సరిగ్గా చూడలేదు. కొంగేనా?"

"కొంగే."

"ఎగురుతోందా?"

"లేదు. గూట్లో ఉంది. ఒంటికాలి మీద నిలబడింది."

"అయితే నేనింకా చూడలేదు. లేచాక చెప్పు."

అలాగే నిలబడ్డాడు. నేను సిగరెట్ తాగాను. కొంగ కదల్లేదు. చప్పట్లు కొట్టాను. అది ముక్కు టకటకలాడించింది.

"ముక్కు చప్పుడు వినబడింది," అన్నాడు రంగెల్ కళ్లు తెరవకుండా. "వినడం లెక్కలోకి రాదు."

మట్టిగడ్డ విసిరాను. అది స్తంభానికి తగిలి పగిలింది. కొంగ కాలు మార్చుకుంది. గట్టు మీద సైకిలు తోసుకుంటూ వస్తున్న ముసలాయన ఒకాయన మా దగ్గర ఆగాడు.

"ఏమైంది ఈయనకి?"

"కొంగ ఎగరడం కోసం చూస్తున్నాడు."

"కళ్లు మూసుకునా?"

"అవును."

ముసలాయన రంగెల్ నల్లకోటు వంక చూశాడు. "కాసినోవాళ్లా?"

"అవును."

తల ఊపి సైకిలు తోసుకుంటూ పోయాడు.

ఎండ వాలింది. ఆటకి వేళవుతోంది. రంగెల్ చేతులు దించి కళ్లు తెరిచి, కొంగ వైపు చాలాసేపు చూశాడు. అదీ అతన్ని చూసింది. ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు.

"చూశాను," అన్నాడు.

పళ్లతో ముడి విప్పుకున్నాడు. పంపుహౌసు వెనక ప్లమ్ చెట్టు ఒకటి తెల్లగా పూసి ఉంది. దారాన్ని ఒక కొమ్మకి కట్టాడు.

"మరి నిలబడిందని పాపకి చెబుతావా? మీ మామ అక్కడే ఉంటాడు. ఆయన దీన్ని వదలడు."

"ముందు ఈ రాత్రి గడవనీ."

ఆ రాత్రి నజ్మీ బే కూర్చుంటూనే రంగెల్ మణికట్టు చూశాడు. ఖాళీగా ఉంది.

"దారమేది తమ్ముడూ?"

"కొంగ కనబడింది."

"అలాగా. సంతోషం," అన్నాడు నజ్మీ బే. ఆయన గొంతులో సంతోషం లేదు.

రెండు గంటలు రంగెల్ ముక్కలు పారేస్తూ కూర్చున్నాడు. తర్వాత చేతిలో రెండు తొమ్మిదులుండగా బల్ల మీద మూడో తొమ్మిది పడింది. అతని వేళ్లు ఒక్కసారి కదలడం నేను చూశాను. అలవాటైన చోటికి బయలుదేరి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చినట్టు ఆగిపోయాయి. చేతులు రెండూ పొయ్యి మీంచి దించిన గిన్నెల్లా బల్ల మీద ఉండిపోయాయి. కదలని చేతులంటే బ్లఫ్ అని నజ్మీ బేకి మూడేళ్ల అనుభవం. తన ముందున్న టోకెన్లన్నీ ముందుకి తోశాడు. ముక్కలు తిప్పాక తొమ్మిదుల్ని కాసేపు చూసి, ఇంకో టీ తెప్పించుకున్నాడు. ఆ తర్వాత రంగెల్ ఏమీ లేకుండా కాస్తే ఆయన ప్యాక్ చేశాడు, ఉన్నప్పుడు కాస్తే చూపించమన్నాడు. మనిషి ఒకసారి దారి తప్పితే అంతే.

నజ్మీ బే లేచి వెళ్తూ రంగెల్ భుజం తట్టాడు. "దారం ఉన్నప్పుడే నువ్వు మంచివాడివి."

ఆదివారం మధ్యాహ్నం హాస్కొవో చేరాం. దిండు పట్టుకుని అతని వెనకే నేనూ మెట్లెక్కాను. లోపల నెవెనా చీజు కూరిన బనిట్సా రొట్టె పొయ్యిలోంచి తీస్తోంది, చీజు వాసన మెట్లదాకా వచ్చింది. స్టామత్ టోపీ మోకాలి మీద పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. రంగెల్ గుమ్మంలో బూట్లతో నిలబడ్డాడు.

"గెలిచాను."

నెవెనా అతని మొహం చూసి తల ఊపింది. స్టామత్ టోపీ తలకి పెట్టుకున్నాడు. "సరే, వేరేవాడికి ఇస్తా ఆ కుర్చీ. నాకేం, ఊరంతా కుర్రాళ్లే." లేవబోయాడు.

కాలినా పరిగెత్తుకొచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"దారం లేదు. కొంగ కనబడిందా?"

"కనబడింది. ప్లమ్ చెట్టుకి కట్టాను."

"ఎగురుతోందా, నిలబడిందా?"

లేవబోయిన స్టామత్ మళ్లీ కూర్చున్నాడు. రంగెల్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, తర్వాత కూతుర్ని చూశాడు.

"ఎగురుతోంది," అన్నాడు.

మొహంలో ఏమీ లేదు. గొంతులో తేడా లేదు. మూడేళ్లుగా ఆ గొంతు వింటున్నాను, దాంట్లో నాకు ఒక్క లోపమూ దొరకలేదు. కానీ కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీదికి వెళ్లి, దారం ఉండాల్సిన చోట వట్టి చర్మాన్ని నలుపుతున్నాయి.

కాలినా ఆ వేళ్లనే చూసింది.

"నిలబడిందన్నమాట," అంది. దానికి కోపం రాలేదు. "అయితే ఈ ఏడాదంతా ఇంట్లోనే ఉంటావు నాన్నా."

నెవెనా కత్తి బల్ల మీద పెట్టింది. "ప్లామెన్, నువ్వూ ఉన్నావుగా అక్కడ. ఎగిరిందా?"

నాకు అతని కారులో సీటు కావాలి. "నేను సరిగ్గా చూడలేదు వదినా," అన్నాను. ఆ మాటతో ఆమెకి కావాల్సిన జవాబు దొరికింది.

ఆమె రంగెల్ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఓడి వచ్చినా నిన్ను తప్పుపట్టేదాన్ని కాదు. ఇన్నేళ్లలో మొదటిసారి పని ఇంటికి తెచ్చావు."

రంగెల్ చేతులు దించుకున్నాడు. దాచడానికి ఏమీ లేనప్పుడు అతని చేతులు ఎప్పుడూ కదలవు.

"నాన్నా, ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వకు," అంది నెవెనా. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు బూట్లు విప్పి లోపలికి రా. చల్లారిపోతోంది."

ఇప్పుడు నేను స్విలెన్‌గ్రాద్‌కి బస్సులో వెళ్తున్నాను. రంగెల్ కుర్చీలో ప్లోవ్‌దివ్ నుంచి ఎవడో వచ్చి కూర్చుంటున్నాడు, బల్ల దగ్గర వాగుతూనే ఉంటాడు. నజ్మీ బే రెండుసార్లు రంగెల్ గురించి అడిగాడు. దాణా మిల్లులో పని చేస్తున్నాడని చెప్పాను. టీ కలుపుతూ, "అక్కడ ఎవరిని మోసం చేస్తాడు పాపం, కోళ్లనా," అన్నాడు.

నిన్న మెట్ల మీద రంగెల్ ఎదురయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతుల్లో టిఫిన్ డబ్బా. మిల్లు ఎలా ఉందని అడిగాను. మామగారు తనకి చక్రాలున్న కుర్చీ ఇచ్చాడని చెప్పాడు. మొహంలో ఏమీ లేదు. చేతులు కూడా చూశాను. రెండూ డబ్బా పట్టుకుని ఉన్నాయి.