డిక్కీ మీద శ్రీకారం

పట్టపగలు, నలుగురి ఎదుట, పరాయివాడి కొత్త కారు మీద తాళంచెవితో జానెడు అక్షరం చెక్కిన మనిషిని ఏమంటారు? పిచ్చిదంటారు. లేదా పోలీసుల్ని పిలుస్తారు. నా చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం "ఇంకాస్త గట్టిగా గియ్యే, కనపళ్ళేదు" అన్నారు. ఆ సంగతే చెబుతున్నాను. అన్నం తింటూ చదివేవాళ్ళు ముందు నోట్లో ముద్ద మింగెయ్యండి. పొలమారితే నా పూచీ లేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నాకు బుద్ధొచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరు గాని, అప్పుడు బొత్తిగా లేదంటే మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

మేముండేది టాటానగర్లో, బాగ్‌బేరా అనే పేటలో, రైల్వే క్వార్టర్లో. మా అక్క కొడుకు సూరి భాలుబాసాలో ఉంటాడు. కార్లకి రంగులు వేసే షెడ్డులో ఎనిమిదేళ్ళు పని చేసి, "ఇంకొకడి కింద సెయ్యలేను పిన్నీ" అని మానేసి, సాక్చీలో ఓ సందులో సొంతంగా కొట్టు తెరిచాడు. ఆ కొట్టుకి వచ్చిన మొట్టమొదటి పని ప్రధాన్ బాబు అనే ఒడియా కాంట్రాక్టరు కారు. పాలనురుగులాంటి తెల్ల కారు, షోరూం వాసన ఇంకా పోలేదు. పని నచ్చితే తన స్నేహితుల కార్లు కూడా పంపిస్తానన్నాడాయన. నచ్చకపోతే సూరి పాత షెడ్డుకి పోయి, పాత యజమాని ముందు మళ్ళీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. మా అక్క వారం రోజులుగా ఆంజనేయుడి చుట్టూ తిరిగిన తిరుగుడికి ఆయనకే కళ్ళు తిరిగుంటాయి.

ఆ వేళ విశ్వకర్మ పూజ. మా ఊళ్ళో ఆ రోజున ఇనుము అన్నదానికల్లా బొట్టు పడుతుంది. సైకిలు, స్కూటరు, సుత్తి, పానా, చివరికి మా ఆయన గడ్డం గీసుకునే కత్తికి కూడా. సూరి పొద్దున్నే కారు తెచ్చి మా క్వార్టరు ముందు పెట్టాడు.

"సాహెబు మూడింటి బండికి టాటానగర్లో దిగుతాడు పిన్నీ. ఇక్కడే పూజ సేసి, తాళాలు సేతిలో పెట్టేత్తాను" అన్నాడు.

నేను వంటింటి కిటికీలోంచి చూసి, "ఏటి సేసినావురా దీనికి? నాకేటీ తేడా కనపళ్ళేదు" అన్నాను.

"కనపడకపోవడమే గొప్ప పిన్నీ! రంగు మీద అద్దంలాటి పల్చటి పొర అంటించినాను. ఈ పొర మీద సిన్న సిన్న గీతలు పడ్డాయనుకో, ఎండ తగిల్నా, వేన్నీళ్ళు పోసినా, వాటంతటవే మానిపోతాయి."

"మానిపోతాయా? పుండు మానినట్టా?"

"అచ్చం అలగే. అయితే పిన్నీ..."

సరిగ్గా అప్పుడే కుక్కరు కూత పెట్టింది. ఒకటి కాదు, వరసగా మూడు. వాడి నోరు ఆడుతోంది. చెయ్యి ఒకసారి కారు ముందు వైపు చూపిస్తోంది, ఒకసారి వెనక వైపు చూపించి అడ్డంగా ఊగుతోంది. కూతలు ఆగేసరికి వాడు, "...అందుకని. తెలిసింది కదేటి?" అంటున్నాడు.

"తెలీకేం!" అన్నాను.

నాకు పెద్ద చదువు లేకపోయినా జ్ఞాపకం మాత్రం ఇనప్పెట్టె. నా పెళ్ళిలో ఏ విస్తరి ముందు ఎవరు కూర్చున్నారో, ఎవరు పప్పు రెండోసారి అడిగారో ఈ రోజుకీ చెప్పగలను. విన్న మాట ఒక్కటి జారనివ్వను. విననిదానికి నేనేం చెయ్యను, మీరే చెప్పండి!

రెండున్నరకి సూరి స్కూటరు తీశాడు. "స్టేషన్‌కెల్లి సాహెబుని తెత్తాను. కారు సూత్తుండు పిన్నీ. ఎవర్నీ ముట్టుకోనీకు."

ఆ మాట అక్షరాలా నిలబెట్టాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ముట్టుకున్నది నేనొక్కదాన్నే.

ముందు పక్కింటి పుష్ప వచ్చింది. బీహారు మనిషి. ఇరవై ఏళ్ళుగా మా మధ్య ఉండి, తెలుగులో మాట్లాడ్డం సగమే నేర్చుకున్నా తిట్టడం మాత్రం పూర్తిగా నేర్చుకుంది. ఆ వెనకే ఎదురింటి కనకమ్మత్త. కాలనీలో ఎవరికి ఏది తెగినా, బెణికినా, వాచినా ఆస్పత్రి కంటే ముందు ఆవిడ గుమ్మమే ఎక్కుతారు. ప్రసాదం గిన్నెలు పట్టుకుని ఇంకో ముగ్గురు చేరారు.

"ఈ కారుకి గీత పడితే దానంతటదే మానిపోద్ది, తెల్సా?" అన్నాను, ఆ పొర నేనే వండి వార్చినట్టు.

పుష్ప పకపకా నవ్వింది. "అరే అప్పలమ్మా, యే గాడీ హై కి ఛిప్‌కలీ? బల్లి తోక లాగ మళ్ళా మొలుస్తాదా?"

నన్నంటే పడతాను. మా సూరి చేతిపనిని బల్లి తోక అంటే పడతానా? లోపలికెళ్ళి టీ నీళ్ళ కెటిల్ తెచ్చాను. చేతికున్న గాజు అంచుతో బానెట్ మీద సన్నగా, పిల్లి గోకినట్టు, నాలుగు గీతలు గీశాను.

"ఓలమ్మో! దీనికేటైనాదే!" అని కనకమ్మత్త గుండె పట్టుకుంది.

వేన్నీళ్ళు ధార కట్టి పోశాను. చీర కొంగుతో తుడిచాను. నాలుగు గీతలూ లేవు! ఎక్కడ గీశానో నాకే దొరకలేదు. ఆడవాళ్ళంతా ఒకేసారి నోళ్ళు తెరిచారు. అందులో ఒకావిడ పట్టుకున్న గిన్నెలోంచి బూందీ జలజలా రాలుతున్నా ఆవిడకి తెలియలేదు. నిజం చెప్పాలంటే అందరికంటే నేనే ఎక్కువ అదిరిపోయాను. సూరి చెప్పాడు సరే, నిజంగా మానిపోతుందని నేనెక్కడ అనుకున్నాను!

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. పుష్ప ఊరుకోలేదు. "ముందర ఏదో జాదూ చేసి పెట్టినారు. వెనక చేసి చూపించు, అప్పుడు మానతా, ఒప్పుకుంటా."

"వెనకైతే ఏటి, ముందైతే ఏటి! ఒంటికి ఒక పక్కే తోలుంటాదా?" అన్నాను.

కనకమ్మత్తకి హుషారొచ్చింది. "ఒసే అప్పలమ్మా, ఇయ్యాల విశ్వకర్మ పూజ. ఉత్త గీతలెందుకు? 'శ్రీ' రాయి. అది మాయమైపోతే విశ్వకర్మ సేత్తో అందుకున్నట్టే!"

ఎంత గొప్ప మాట! ప్రపంచంలో ఏ కారు మీదా జరగని పూజ! గాజుతో అయితే దేవుడికి కనపడదేమోనని బొడ్లోంచి ఇంటి తాళంచెవి తీశాను. మొదట్లో చెప్పాను కదా, "ఇంకాస్త గట్టిగా గియ్యే" అన్నారని, అది ఇక్కడే. డిక్కీ మధ్యలో తెలుగు 'శ్రీ', పైన గుడిదీర్ఘం తిప్పి మరీ, కింద ఒత్తు దాకా గీశాను. కర్ర్‌ర్‌ర్‌మంది. నా పళ్ళు పులిశాయి. బానెట్ మీద గీసినప్పుడు ఈ చప్పుడు లేదే అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించింది గాని, చెయ్యి అప్పటికి ఒత్తు దగ్గరుంది.

వేన్నీళ్ళు పోశాను. తుడిచాను. శ్రీ ఉంది.

మళ్ళీ పోశాను. శ్రీ ఇంకా తేటగా ఉంది. నీళ్ళతో కడిగితే ముగ్గు పోతుంది గాని, శిలాశాసనం పోతుందా?

"నీల్లు సల్లారిపోనాయేమో" అన్నారెవరో. కెటిల్ ఖాళీ. పరుగెత్తి లోపలికి వెళితే పొయ్యి మీద సలసలా కాగుతున్నది చారు ఒక్కటే. మనిషికి గుండె దడ పట్టినప్పుడు చారుకీ నీళ్ళకీ తేడా తెలుస్తుందా? తెచ్చి పోశాను. శ్రీ కదల్లేదు. దాని నెత్తిన ఒక కరివేపాకు మాత్రం అతుక్కుంది.

నాకు చెమటలు పట్టాయి. "కనకమ్మత్తా, మానలేదే!"

ఆవిడ వంగి, వైద్యుడు నాడి చూసినట్టు వేలితో శ్రీని తడిమింది. "ముందరివి పై గీరుడులే. ఇది లోతు గాయమే అప్పలమ్మా. లోతు గాయం వేన్నీళ్ళకి మానుద్దేటి? పసుపెట్టాల."

మీరు నవ్వుతారు. ఆ సమయంలో ఆ మాట నాకు వేదంలా వినిపించింది. సూరే కదా అన్నాడు, అచ్చం పుండు మానినట్టే అని! పుండుకి పసుపు పెట్టని ఇల్లు మాలో ఉందా? గుప్పెడు పసుపు కొబ్బరినూనెలో కలిపి డిక్కీకి పట్టించాను. పట్టించాక కనకమ్మత్త, "ఇప్పుడు ఉప్పు కాపడం పెట్టు, వాపు దిగుద్ది" అంది. కారుకి వాపేమిటని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. పెనం మీద రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, శ్రీ చుట్టూ అద్దుతూ రుద్దాను. రాళ్ళుప్పు, తెల్ల రంగు, నా భుజబలం. మూట తీసి చూస్తే శ్రీ చుట్టూ సన్న గీతలు వందొచ్చాయి. మధ్యలో శ్రీ, చుట్టూ కిరణాలు. పచ్చగా సూర్యోదయం!

అప్పుడే స్కూటరు చప్పుడైంది.

వెనక సీట్లో ప్రధాన్ బాబు. సూరి దిగి, కారు చూసి, నన్ను చూసి, నా పసుపు చేతులు చూసి, మళ్ళీ కారు చూశాడు. స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. స్కూటరు పక్కకి ఒరుగుతుంటే ఆ పెద్దమనిషే రెండు చేతులతో పట్టుకుని నిలబెట్టాడు.

"పిన్నీ..." వాడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "యే క్యా కర్ దియా పిన్నీ? ఏటి సేసేసినావు?"

"మానిపోద్దన్నావు కదరా!" అన్నాను. నాకు ఏడుపొస్తోంది.

"ముందు భాగానికే పొర ఏసినానని సెప్పినాను కదా! ఎనక సాహెబు వద్దన్నాడనీ సెప్పినాను కదా! అందుకని ఎనక జాగర్తనీ సెప్పినాను కదా!"

మూడు కూతల కింద పోయిన మూడు ముక్కలూ ఒక్కసారి నా చెవిలో పడ్డాయి. నా కాళ్ళ కింద బాగ్‌బేరా భూమి ఎవరో చాపలా లాగేసినట్టయింది. ఆడవాళ్ళ కోసం వెనక్కి తిరిగి చూశాను. ఒక్కరు లేరు. కనకమ్మత్తకి మోకాళ్ళ నొప్పులు కదా, ఆవిడ గుమ్మం దాటిన వేగం చూస్తే ఆ నొప్పులు నేనిక నమ్మను.

ప్రధాన్ బాబు నెమ్మదిగా డిక్కీ దగ్గరికి నడిచాడు. వంగి చూశాడు. కరివేపాకు తీసి వాసన చూశాడు. సూరి చేతులు జోడించి, "సాబ్, మేరీ గల్తీ హై. నా తప్పే. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

వాడు అలా తప్పు మీద వేసుకునేసరికి నేను తట్టుకోలేకపోయాను. వాడి కొట్టు, మా అక్క ప్రదక్షిణలు, అన్నీ నా తాళంచెవి కొన మీద వేలాడుతున్నాయి. ముందుకొచ్చి, నాకొచ్చిన హిందీ అంతా కూడదీసుకున్నాను. "నహీ సాబ్! హమ్ కియా. హమ్ చాబీ సే లిఖా." తాళంచెవితో రాసింది నేనే అని.

"లిఖా? క్యా లిఖా?" ఏం రాశావని ఆయన.

"శ్రీ."

ఆయన తల కుడి పక్కకి వంచి చూశాడు, ఎడమ పక్కకి వంచి చూశాడు. "ఇది శ్రీయా? కేకడా అనుకున్నానే!" అన్నాడు. కేకడా అంటే పీత. నా దస్తూరీని అంతకుముందు ఎవరూ అంత సూటిగా విమర్శించలేదు.

"సాబ్, ఆగే మానిపోతా హై. పీఛే మానిపోతా నహీ" అని, ముందు మానుతుంది గాని వెనక మానదని విడమరిచి చెప్పాను.

"దిఖావో" అన్నాడాయన. చూపించమని!

"వద్దు పిన్నీ!" అని సూరి అడ్డొచ్చాడు. ప్రధాన్ బాబు చెయ్యెత్తి ఆపాడు. పుష్ప కిటికీలోంచే వేన్నీళ్ళ చెంబు అందించింది, బయటికి రాకుండా. సొంతదారు కళ్ళెదుట, ఆయన కొత్త కారు బానెట్ మీద, గాజుతో నాలుగు గీతలు గీశాను. ఆయన మొహం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. సూరి కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు పోశాను. తుడిచాను.

లేవు.

ప్రధాన్ బాబు వేలితో రాసి చూశాడు. గోటితో చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తరవాత వెనక్కి వెళ్ళి పచ్చటి సూర్యోదయాన్ని చూశాడు. చివరికి సూరి భుజం మీద చెయ్యేసి హిందీలో అన్నది నాకు ఒక్క ముక్క పొల్లుపోకుండా జ్ఞాపకం. ఈసారి ఏ కుక్కరూ కూయలేదు.

"బాబూ, దెబ్బలన్నీ ముందు నుంచే తగులుతాయనుకున్నాను, రాళ్ళూ గీళ్ళూ. అందుకే వెనక వద్దన్నాను. బాగ్‌బేరాలో ఇలాంటి చాచీలు, పిన్నులు ఉంటారని నాకెవరూ చెప్పలేదు. ముందు ఆ డిక్కీకి కొత్త రంగు నువ్వే వెయ్యి. తరవాత బండి మొత్తానికి పొర అంటించు. ఒక్క అంగుళం వదలొద్దు. టైర్లకి దొరికితే టైర్లకీ!"

సూరి కొట్టు నిలబడింది. నిలబడ్డమేమిటి, ఇప్పుడు ఇద్దరు పనివాళ్ళున్నారు. ముందు భాగానికి చాలులే అని ఎవరైనా బేరమాడితే మావాడు వాదించడు. గల్లాపెట్టె వెనక గోడ వైపు వేలు చూపిస్తాడంతే. అక్కడ పటం కట్టించిన ఫొటో ఉంది. ఆ పూట పుష్ప తన కిటికీలోంచి తీసిందట. ఒక చేతిలో ఉప్పు మూట, రెండో చెయ్యి మోచేతి దాకా పసుపు, వెనక శ్రీకారం, నోరు తెరిచిన నేను. చూసినవాళ్ళు మారుమాట్లాడకుండా మొత్తం కారుకి చేయించుకుని పోతున్నారు. లక్ష్మీదేవి పటం కంటే నాకు ఒక అగరొత్తి ఎక్కువే వెలుగుతోందని మా అక్క కుళ్ళుకుంటోంది.

అయినా సరే, అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ భూమ్మీద ఏ వస్తువు దానంతటది మానిపోతుందని ఎంతటివాడు చెప్పినా, మానుతుందో లేదో చూడ్డానికి గీత గియ్యను. ఆఖరికి నా వీపు దురద పెట్టినా సరే, దానికి పొర ఉందో లేదో ముందు సూరికి ఫోన్ చేసి కనుక్కుని, ఆ తరవాతే గోక్కుంటాను.