బేరింగులో అక్షింతలు

మొన్న మదనపల్లెలో ఒక స్పేరు పార్టుల అంగడి ముందర బస్సు కోసం నిలబడి ఉంటే, లోపల ఎవరో గ్రీసు డబ్బా మూత తీశారు. ఆ వాసనకు ఇంకెవరైనా ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం తొలకరికి తడిసిన మా ఎర్రచేను, పందిట్లో ఒలిచి కుప్పపోసిన చెనక్కాయ గింజలు, వాటిని దొంగతనంగా నమిలి తెచ్చుకున్న కడుపునొప్పి, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఎనభైల మొదట్లో మా నాయన కాడెద్దులను అమ్మేసి, రామసముద్రం పక్కనున్న మా పల్లెకు చేను దున్నే పాత టిల్లరు ఒకటి తెచ్చాడు. ఆయన తల్లి, మా జేజి, మూడు దినాలు దాని మొహం చూడలేదు. నాలుగో దినం మనసు కరిగి బొట్టు పెట్టింది, నుదురు ఎక్కడో తెలియక లైటుకు పెట్టింది. అప్పటినుంచి అది మా ఇంట్లో ఎద్దే. దాన్ని ఎండలో నిలబెడితే నీడకు తోలమని జేజి అరిచేది. చక్రం ఇరుసు దగ్గర నూనె కారుతుంటే మాత్రం, "ముసిలిదానికి ముక్కు కారినట్ల కారతాండాది, పోనీలే" అని తేల్చేసింది.

ఆ ఏడు వాన పడిన మరుదినమే ఆ ఇరుసు బేరింగు ఈనే గొడ్డు మాదిరి మూలగడం మొదలుపెట్టింది. నేలలో పదును నాలుగు దినాలకంటే నిలవదు, విత్తనానికి ఒలిచిన గింజలు మళ్ళీ కాయల్లోకి పోవు. ఎద్దులను అమ్ముకున్నవాడి చేను బీడుపడితే ఊరు ఊరికే ఉంటుందా? నాయన పుంగనూరికి కబురు పంపాడు.

పుంగనూరు నుంచి మునెప్ప అనే మెకానిక్కు కొత్త బేరింగు, సీలు సంచిలో వేసుకొని వచ్చాడు. గోనెపట్ట పరుచుకొని, ఇరుసు విప్పి, అంతా కిరసనాయిలుతో కడిగి, కొత్త బేరింగును వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకొని విని, మెల్లగా కొట్టి కూర్చోబెట్టి, గ్రీసు కూరాడు. సీలంటే నూనె బయటికి, దుమ్ము లోపలికి పోకుండా ఆపేది, ఇనుప చుట్టుకు లోపల రబ్బరు పెదవి.

"ఈ పెదివే దీని పానమప్పా. ఇసక రవ్వ తగిలినా తెగుతాది" అని అతను దాన్ని బిగించబోతుంటే జేజి పళ్ళెంతో వచ్చింది. మా ఇంట్లో కొత్తదేదైనా పసుపు కుంకుమ పడందే పనిలోకి పోదు. కర్పూరం వెలగగానే మునెప్ప, నాయన కళ్ళు మూసుకొని దండం పెట్టుకున్నారు. జేజి పిడికెడు అక్షింతలు చల్లింది. నా కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నాలుగు గింజలు గ్రీసులో దిగబడటం చూశాను. ఆశీర్వాదం లోపలికి పోతేనే కదా పనిచేసేది అనుకుని నోరు మూసుకున్నాను.

టిల్లరు చేనిదాకా దర్జాగా పోయి, రెండో సాలుకే కరకర నమిలింది. నూనె ధార కట్టింది. నాయన మునెప్పను తిట్టాడు, మునెప్ప సీలు అమ్మిన అంగడోడిని తిట్టాడు. విప్పి చూస్తే గ్రీసులో పసుపుపచ్చ నూక, పెదవి తెగిన సీలు. ఇద్దరూ జేజి వైపు తిరిగారు.

"యాల అట్ల సూస్తారు? నేనేమన్నా కంకర యేసినానా?"

కడిగితే బేరింగు బతికింది. ఆ సైజు సీలు ఇక కుప్పంలోనే దొరుకుతుందనీ, పోయి వచ్చేలోగా పదును ఆరిపోతుందనీ మునెప్ప తల పట్టుకున్నాడు. "మంచి తోలుంటే కోసి యేస్తును. చెప్పుల తోలు ఆగదు" అన్నాడు.

జేజి లోపలికి పోయి, అటక మీదినుంచి తాత కపిల తోలు దించింది. ఎద్దులతో బావినీళ్ళు తోడే ఆ తోలుసంచికి, తాత పోయినాక కూడా ఆమె ఏటా ఆముదం పూసి దాచుకునేది. మేము ముట్టుకుంటే వీపు చిట్లేది.

"కోయప్పా" అనింది. నాయన వద్దమ్మా అన్నాడు.

"నోర్మూసుకోని సేను సూసుకో. మీ నాయనే ఉంటే ఈపాటికి ఆయనే కోసిచ్చుండు."

మునెప్ప దాన్ని గుండ్రంగా కోసి, ఆముదంలో నానబెట్టి బిగించాడు. ఈసారి జేజి చేతులు వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడింది. కాస్త కారుతూనే టిల్లరు మూడు దినాలు నడిచింది, గింజలన్నీ నేలలో పడ్డాయి. ఆఖరి సాలయ్యాక నాయన గట్టు మీద కూర్చొని ఏడ్చాడు. అక్షింతలు కొంచెం ఆలస్యంగా పనిచేశాయని జేజి ఊరంతా చెప్పుకుంది.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, చేలో ప్లాట్ల రాళ్ళు నాటారు, టిల్లరు పాత ఇనుములో కలిసిపోయింది. మిగిలిన కపిల తోలును జేజి చనిపోయిన ఏడాది ఇంటికి సున్నం కొట్టించేటప్పుడు బయట పారేశారు. ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నాను. ఏమిటీ కంపు, తీసేయండి అన్నది నేనే.