అక్కకి చెప్పిన స్ప్రింగ్

మొన్న మా పక్కవాటాలో ఉండే పదో తరగతి పిల్ల ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, స్ప్రింగ్ అనే మాటకి ఈ పాఠంలో ఏ అర్థం తీసుకోవాలండీ అని అడిగింది. కళ్ళజోడు వెతుక్కుని, మొదటినుంచీ చెబుదామని నేను సర్దుకు కూర్చునేలోగా సెల్‌ఫోన్‌లో అర్థాలన్నీ వరసగా వచ్చేశాయి, థాంక్సండీ అనేసి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు నందిగామలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, నోటిదాకా వచ్చిన పాఠం మింగి కూర్చోవడం నాకు కొత్త. ఆ సాయంత్రమంతా ఇంట్లో నేనూ, ఫ్యాను చప్పుడూ.

ఆ మాట నేను మొట్టమొదట చెప్పింది మా అక్కకి. మాది పెనుగంచిప్రోలు, కౌలుచేలో మిరప వేసేవాళ్ళం. అమ్మకి జబ్బు చేసినప్పుడు అక్క తొమ్మిదితో బడి మానేసింది, నేనేమో నందిగామ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేదాన్ని. ప్రైవేటుగా పదో తరగతి పాసై నర్సు ట్రైనింగుకి వెళ్ళాలని అక్క ఆశ. అన్నీ వచ్చేవి గానీ ఇంగ్లీషు మాత్రం కొరకరాని కొయ్య. అందుకని శనివారం నేను బస్సు దిగీ దిగగానే ఆ వారం నేర్చుకున్న మాట ఒకటి ఆమెకి చెప్పాలి.

చెబితే వినే రకమా, కంటికి చూపిస్తే తప్ప ఏ అర్థమూ ఒప్పుకునేది కాదు. "ఏదే, చూపించు" అని చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడేది. స్ప్రింగ్ అంటే ఇదీ అని పెన్ను విప్పి లోపలి తీగచుట్ట చూపించబోతే అది ఎగిరి కుడితి గాబులో పడింది, అక్క విరగబడి నవ్వింది. ఊట అన్న అర్థం కోసం మా ఊరి పక్కన పారే మునేటి ఇసకలో చెలమ తీసి, నీళ్ళు ఉబికేదాకా ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. వెనకటి ఇంగ్లీషులో ఆ మాటకి ఎగిరిపడటం, ఉబికి రావడం అని అర్థమట. నేలలోంచి ఉబికింది ఊట, చిగుళ్ళు పొడుచుకొచ్చే కాలం వసంతం, నొక్కితే ఎగిరిపడేది ఈ తీగచుట్ట అని మా లెక్చరరు చెప్పినదంతా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అన్నీ ఒప్పుకుంది గానీ వసంతం దగ్గర మొండికేసింది.

"మనకి చలి పోతే ఎండేగదే, మధ్యలో ఇంకో కాలం ఎక్కడిది?"

నిజమే మరి, ఆ రోజుల్లో అందరి చూపూ కల్లంలో ఆరబోసిన కాయల మీదే ఉండేది, చిగుళ్ళు చూసే తీరిక ఎవరికుంది.

ఇంగ్లీషు పరీక్షనాడు అక్క ఉతికిన చీర కట్టుకుని జగ్గయ్యపేట బస్సుకి తయారైంది, తోడు నేను. ఇంకా గడప దాటలేదు, మబ్బు కమ్ముకొచ్చింది. తడిస్తే కాయ బూజు పట్టి ఏడాది కష్టమంతా మట్టిపాలు. కల్లంలో నాన్న ఒక్కడే గోనెపట్టాలు లాగుతుంటే అక్క కొంగు దోపుకుని పరిగెత్తింది, వెనకే నేనూ, అమ్మా. రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. అక్క ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ వంగి కాయలు కుప్పకెత్తింది. వాన వెలిసేసరికి కాయ దక్కింది, పరీక్ష పోయింది. ఆ పూట ఎవరెంత బతిమాలినా అన్నం తినలేదు. మరుసటి ఏడు చెవిటికల్లు సంబంధం కుదిరి వెళ్ళిపోయింది, ఇక పరీక్ష ఊసెత్తలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ప్రతి కల్లంలోనూ ప్లాస్టిక్ పట్టాలున్నాయి. పరీక్షలొస్తే ఆడపిల్లల్ని తండ్రులే బండ్ల మీద తీసుకెళ్ళి దింపుతున్నారు. చూడ్డానికి నాకెంతో బావుంటుంది, ఆ వెంటనే దిగులేస్తుంది.

నిన్న పక్కవాటా పిల్ల పరీక్ష బాగా రాశానంటూ వచ్చింది. మధ్యలో వాన పడిందట, రాసుకోవడంలో పడి తలెత్తనే లేదట. ఆ పిల్ల వెళ్ళగానే ఈ సంగతి చెప్పాలని ఫోను తీసి అక్క నంబరు దాకా వెళ్ళాను. అక్క పోయి రెండేళ్ళయింది.