పిన్ని మిషన్ ఆపిన రోజు

మా పిన్ని బట్టలు కుడుతుంది. మనిషిని చూసి కొలతలు చెప్పేస్తుంది కానీ, ఇంట్లో ఏదీ తనంతట తాను తేల్చి చెప్పదు. అలాంటిది, బాబాయిని అడగకుండా పిల్లికి టీకా వేయించుకొచ్చింది! దాని పేరు గుండీ. మిషన్ కింద గుడ్డపీలికల బుట్టలోనే దాని కాపురం.

"నిక్షేపంలా ఉన్నదానికి సూదులేంటే? ఏమన్నా అయితే ఆ పాపం నీదే!" అని బాబాయి ఇంతెత్తున లేచాడు. ఆయనకు మొదటినుంచీ మిషన్ మోతంటే చిరాకు, పిల్లంటే లోపల్లోపల ప్రాణం.

డాక్టరమ్మ చెప్పే పంపింది: "ఇవాళ కాస్త నలతగా ఉంటుంది. సూది వేసినచోట నొక్కకండి, చప్పుడు లేకుండా పడుకోనివ్వండి. మొహం వాచినా, ఆయాసపడినా వెంటనే తీసుకురండి. రేపటికీ తినకపోతే అప్పుడూ తీసుకురండి."

చప్పుడంటే పిన్నికి మిషనే. దానిమీద దుప్పటి కప్పేసింది. మేమందరం పిల్లుల్లా నడిచాం. అసలు పిల్లి మాత్రం మంచం కింద మూలకు నక్కింది. చేపముక్క పెడితే మొహం తిప్పుకుంది. పిన్ని నేలమీద బోర్లా పడుకుని దాని మొహం, ఊపిరి చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున కూడా గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నేను చెబితే విన్నావా?" అన్నాడు బాబాయి. నాకు ఒళ్లు మండింది. పిన్ని కళ్లు తుడుచుకుని, ఆసుపత్రికి వెళ్దామని చెప్పులు వేసుకుంది.

అంతలో ఎదురింటి బస్సు డ్రైవరు పరుగున వచ్చాడు. "అక్కా, ప్యాంటు చిరిగింది, డ్యూటీకి టైమైపోతోంది. ఒక్క కుట్టు వేసిపెట్టవా?"

కాదనలేక పిన్ని దుప్పటి తీసి, దొంగతనం చేస్తున్నట్టు మెల్లగా తొక్కింది. టకటక, టకటక.

మంచం కింద నుంచి ముందు మీసాలొచ్చాయి, తర్వాత మొహం, ఆ వెనక గుండీ మొత్తం. ఒళ్లు విరుచుకుని, తిన్నగా వెళ్లి బుట్టలో కూర్చుంది. కళ్లు తెరిచింది మొదలు ఆ మోతలోనే పెరిగింది పాపం. ఇల్లు మూగబోయేసరికి బెదిరిపోయింది!

డ్రైవరు వెళ్లిపోయాడు. పిన్ని దారం తీసేసి ఒట్టి మిషనే తొక్కుతోంది. నేను గిన్నె బుట్ట దగ్గరికి జరిపాను. గుండీ వాసన చూసింది, ఒక ముక్క కొరికింది. సంతోషం పట్టలేక పిన్ని కాలు ఆగింది. గుండీ తినడం ఆపి తలెత్తింది.

"ఆపకే! తొక్కు, తొక్కు!" అని అరిచాడు బాబాయి.

పిన్ని పకపకా నవ్వి తొక్కింది, గిన్నె ఖాళీ అయ్యేదాకా.

"రెండో టీకా కూడా నేనే వేయించుకొస్తాను," అంది. అడగలేదు, చెప్పింది.

బుట్ట తను పట్టుకుంటానన్నాడు బాబాయి.